అత్తయ్యను పని చేయనివ్వడం తప్పా?

ప్రశ్న: మా అత్తయ్యకి 64 ఏళ్ళు. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఒక్కరే ఉండలేరని హైదరాబాద్ తీసుకొచ్చేశాం. ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తారు, మాట కాస్త నెమ్మది అంతే. చెయ్యే సరిగా రాలేదు. భుజం లేస్తుంది, వేళ్ళు మాత్రం ముడుచుకున్నట్టు ఉంటాయి, తెరవడానికి టైం పడుతుంది. ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజులు చేయమంటే విసుక్కుంటారు. రబ్బరు బంతి, పెగ్గుల బోర్డు కొన్నాం, వాటిని ముట్టుకోరు. పొద్దస్తమానం టీవీ ముందే, పగలంతా కునుకులు, రాత్రి నిద్ర లేదు. మాతో కలిసి భోజనానికి కూర్చోరు, గదిలోకి తీసుకెళ్ళి నేనే తినిపిస్తున్నాను. ఆ మధ్య ఒకరోజు వంటింట్లోకి వచ్చి కూర్చుని, ఎవరూ అడక్కుండానే చిక్కుడుకాయలు తుంచడం మొదలుపెట్టారు. అరగంట పైనే పట్టింది, సగం కాయలకి ఈనెలు అలాగే ఉండిపోయాయి, కానీ ఆ రోజు మనిషి హుషారుగా ఉన్నారు. అప్పటినుంచి వెల్లుల్లి ఒలవడం, బట్టలు మడతపెట్టడం లాంటివి ఇస్తున్నాను. పోయిన వారం మా వదినగారు (మా ఆయన అక్క) వచ్చి చూసి, జబ్బు మనిషితో పని చేయిస్తున్నానని పెద్ద గొడవ చేశారు. మా ఆయన కూడా, ఆరు నెలలు దాటాక ఇక చెయ్యి రాదట, ఉన్నన్నాళ్ళు అమ్మని సుఖంగా కూర్చోబెడదాం అంటున్నారు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని, ఏడు నెలలుగా మిషన్ మూత కూడా తీయలేదు. అయినా మాట పడాల్సి వచ్చింది. నేను చేసింది తప్పా? ఇంకో సంగతి, సంక్రాంతికి ఊరెళ్తానని అత్తయ్య ఒకటే పోరు. తీసుకెళ్ళొచ్చా?
– ఒక కోడలు, నిజాంపేట

సమాధానం: తప్పు కాదమ్మా. మిగతాదంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. మీరు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఆస్పత్రుల్లో మాలాంటి ఆక్యుపేషనల్ థెరపిస్టులు జీతం తీసుకుని చేసే పనే మీరు వంటింట్లో చేశారు. మన దగ్గర ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) అనగానే మాటలు రాని పిల్లలకో, కుదురుగా కూర్చోలేని పిల్లలకో చేయించేది అనుకుంటారు. పెద్దవాళ్ళకి స్ట్రోక్ వస్తే ఫిజియో దగ్గరికి పంపి అక్కడితో ఆపేస్తారు. ఫిజియో లేకుండా అత్తయ్యగారు ఇవాళ నడిచేవారు కాదు, అందులో అనుమానం లేదు. కానీ కాలూ చెయ్యీ కదలడం ఒకటి, ఆ చేత్తో అన్నం కలుపుకోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, దేవుడికి పూలు పెట్టడం ఇంకొకటి. ఈ రెండోదాని మీద పని చేసేది మేం.

ముందు ఆ చిక్కుడుకాయల సంగతే చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా అక్కడే ఉంది. చూసేవాళ్ళకి అది ఒక ముసలావిడ కూర్చుని కూర తరుగుతున్నట్టే ఉంటుంది. మా కళ్ళకి ఇంకోలా కనిపిస్తుంది. ఆనుకోకుండా అరగంట నడుం నిలబెట్టి కూర్చున్నారు. పళ్ళెంలోంచి కాయ తీసుకోవాలంటే ముడుచుకున్న వేళ్ళు తెరవాలి, పట్టుకోవాలంటే మూయాలి, తుంచిన ముక్క గిన్నెలో వేయాలంటే మళ్ళీ తెరవాలి. ఈనె తీయాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి, స్ట్రోక్ తర్వాత అన్నిటికంటే ఆలస్యంగా తిరిగొచ్చే కదలికల్లో అదొకటి. కాయ పుచ్చిందా బాగుందా అని చూడాలి, ఏది అయింది ఏది మిగిలింది గుర్తుంచుకోవాలి. అరకిలో కాయలంటే ఎన్నిసార్లు తెరిచి మూసినట్టో లెక్కేసుకోండి. ఇదే కదలికని ‘యాభైసార్లు చేయండి’ అని కాగితం మీద రాసిస్తే ఆవిడ పదోసారికే ఆపేస్తారు, చేయమంటే విసుక్కుంటున్నారని మీరే రాశారు. చిక్కుడుకాయలయితే పళ్ళెం ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

రబ్బరు బంతి గురించి కూడా ఒక మాట. అందరూ అదే కొంటారు, మెడికల్ షాపులో కూడా అదే చేతిలో పెడతారు. వేళ్ళు ఇప్పటికే లోపలికి ముడుచుకుంటున్న చేతికి పిసికే పని అంతగా అక్కర్లేదు, తెరిచే పని కావాలి. కాబట్టి ఆవిడ దాన్ని పక్కన పెట్టేశారని బాధపడకండి. పెగ్గుల బోర్డయితే, అరవై నాలుగేళ్ళ వయసులో, ఒకప్పుడు గొడ్డూ గోదా చూసుకుంటూ ఇల్లు నడిపిన మనిషి ముందు రంగురంగుల పుల్లలు పెట్టి ఒక్కొక్కటీ గుచ్చమంటే ఎవరికైనా చిన్నతనంగానే ఉంటుంది, దానికి పెద్ద మానసిక శాస్త్రం అక్కర్లేదు.

ఇక మీవారికి ఎవరో చెప్పిన ఆరు నెలల లెక్క. అందులో కొంత నిజం ఉంది. స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. తగ్గడమంటే ఆగిపోవడం కాదు. అమెరికాలో 222 మంది స్ట్రోక్ పేషెంట్ల మీద జరిగిన ఒక పరిశోధన 2006లో అచ్చయింది, అందులో అందరికీ స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైంది, అంటే అత్తయ్యగారి లాంటివాళ్ళే. కొందరికి మంచి చేతికి మందపాటి గ్లవుజు తొడిగి, మెలకువగా ఉన్నంతసేపూ పనులన్నీ బలహీనమైన చేత్తోనే చేసేలా రెండు వారాలపాటు గట్టి సాధన చేయించారు. మామూలు వైద్యం అందిన వాళ్ళకంటే వీళ్ళ చెయ్యి బాగా మెరుగుపడింది, ఏడాది తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. దీని వెనక ఉన్న సంగతి ఏమిటంటే, స్ట్రోక్ వచ్చిన కొత్తలో ఆ చెయ్యి నిజంగానే పని చేయదు, రెండు మూడుసార్లు ప్రయత్నించి విఫలమయ్యాక మెదడు ఆ చేతిని వాడుకోవడమే మానేస్తుంది, తర్వాత చేతిలో కాస్త శక్తి వచ్చినా మానేసిన అలవాటు అలాగే ఉండిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ‘నువ్వు కదలకు, మేం చేస్తాం’ అంటూ అన్నీ అందిస్తుంటే ఇక వాడాల్సిన అవసరమే రాదు. ఇది చదివి మీరు ఆవిడ ఎడమ చెయ్యి కట్టేయకండి. ఆ పద్ధతికి మణికట్టూ వేళ్ళూ కొంతైనా పైకి లేవాలి, పడిపోకుండా ఒకరు చూసుకోవాలి, థెరపిస్టు పరీక్ష చేశాకే మొదలుపెట్టాలి. మీవారికి మాత్రం ఏడో నెలలో తలుపులు మూసుకుపోలేదని చెప్పండి.

కానీ ఇదంతా చేతి సంగతే. ఆ రోజు ఆవిడ హుషారుగా ఉన్నారన్నారు చూడండి, అది వేళ్ళ వల్ల వచ్చింది కాదు. ఏడు నెలల క్రితం దాకా ఆవిడ చెప్తే ఇంట్లో నలుగురు వినేవాళ్ళు, ఏ పూట ఏం వండాలో, ఎవరికి ఎంత కూలి ఇవ్వాలో ఆవిడే చూసుకునేవారు. ఇప్పుడు ఆవిడ చేతిలో టీవీ రిమోట్ తప్ప ఏమీ లేదు, అది కూడా మనవల దగ్గరే ఉంటుందేమో. మీరంతా ప్రేమతోనే అన్నీ తీసేశారు, నేను కాదనను. అయినా తీసేసింది తీసేసినట్టే.

మా వృత్తి పుట్టడం వెనక కూడా ఇలాంటి కథే ఉంది, క్లుప్తంగా చెప్తాను. జార్జ్ బార్టన్ అని అమెరికాలో ఒక ఆర్కిటెక్ట్, క్షయ వచ్చింది, తర్వాత శరీరం ఎడమవైపు చచ్చుబడింది, ఆస్పత్రుల్లో మంచం మీద రోజులు గడిపీ గడిపీ విసిగిపోయి తోటపనీ చెక్కపనీ పెట్టుకుని మెల్లగా కోలుకున్నాడు. ఆయనా, ఇంకొంతమందీ కలిసి 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో మొదటి సంఘం పెట్టారు. మన దేశానికి దీన్ని తెచ్చింది కమలా నింబ్కర్, అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైన మనిషి. 1950లో ముంబై కేఈఎం ఆస్పత్రిలో మొదటి శిక్షణ పాఠశాల మొదలుపెట్టారు.

ఇప్పుడు మీ వదినగారి వైపు నుంచి కూడా కాస్త ఆలోచిద్దాం. ఆవిడకి వచ్చిన కోపం ఊరికే వచ్చింది కాదు. పెద్దవాళ్ళని జీతం లేని పనివాళ్ళలా వాడుకునే ఇళ్ళు మనకి తెలియనివా? పిల్లల్ని చూసుకోవడానికీ వంటకీ తల్లిని తెచ్చి పెట్టుకుని, ఆవిడకి ఒంట్లో బాలేదంటే చిరాకు పడేవాళ్ళు లేరా? బయటినుంచి ఒక పూట వచ్చి చూసిన కూతురికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎక్కడుందో మీకు తెలియాలి, అప్పుడే ఆవిడకి చెప్పగలరు. ఇవాళ వద్దు అని అత్తయ్యగారు అనగలరా? అన్నప్పుడు మీ ముఖం మారకుండా ఉంటుందా? ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో ఆవిడే ఎంచుకుంటున్నారా, లేక మీకు పని ఎక్కువగా ఉన్నరోజు మీరు పురమాయిస్తున్నారా? మొదట ఆవిడంతట ఆవిడే వచ్చి కూర్చున్నారు, చాలా బాగుంది. తర్వాత వెల్లుల్లీ బట్టలూ ‘ఇస్తున్నాను’ అని రాశారు, అక్కడ కాస్త జాగ్రత్త. పని ఇవ్వడం మొదలుపెడితే నాలుగు రోజుల్లో అది మళ్ళీ ఎక్సర్‌సైజు కాగితంలా తయారవుతుంది.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. లాస్ ఏంజెలెస్‌లో అరవై దాటిన 361 మంది మీద తొమ్మిది నెలలపాటు ఒక పరీక్ష చేసి 1997లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకి ఏమీ చేయలేదు. ఇంకో గుంపుని ఊరికే ఖాళీగా ఉండకుండా ఆటలకీ సినిమాలకీ కబుర్లకీ కూర్చోబెట్టారు. మూడో గుంపుతో ఆక్యుపేషనల్ థెరపిస్టులు కూర్చుని, ఎవరికి వాళ్ళు తమ రోజులో ఏ పనికి విలువ ఇస్తున్నారో తెలుసుకుని, దాన్ని ఇప్పటి ఒంటితో, ఇప్పటి ఇంట్లో ఎలా చేసుకోవాలో నేర్పించారు. మూడో గుంపుకి ఒంట్లోనూ మనసులోనూ మేలు కనిపించింది. మొదటి రెండు గుంపుల మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఏదో ఒక వ్యాపకం పెట్టేస్తే చాలనుకుంటే లాభం లేదు. అత్తయ్యగారికి భజన మండలి ఇష్టం లేకపోతే పక్క బ్లాకులో భజన ఉంది కదా అని పంపకండి.

కాబట్టి ముందు అడగండి. మీరు కాదు, మీవారు అడగాలి, ఆదివారం తీరిగ్గా కూర్చుని. ఇదివరకు చేసుకునేవాటిలో ఇప్పుడు ఏవి చేయలేకపోతున్నందుకు బాగా బాధగా ఉందమ్మా అని. ఆవిడ ఏం చెప్పినా మధ్యలో ‘అదెందుకులే ఇప్పుడు’ అనకుండా రాసుకోమనండి. అందులో నాలుగైదు ముఖ్యమైనవి తేల్చి ఒక్కోదానికీ పదికి ఎన్ని మార్కులో ఆవిడనే వేయమనండి, ఎంతవరకు చేయగలుగుతున్నారు, దాంతో ఎంత తృప్తిగా ఉంది అని రెండు మార్కులు. కెనడాలో తయారైన ఒక పద్ధతి ఇది, మేం రోజూ వాడతాం. మూడు నెలల తర్వాత మళ్ళీ ఇదే అడిగితే మీకే తెలుస్తుంది. చెయ్యి ముఖ్యం అని మీరనుకుంటారు, ఆవిడ మొదట ‘స్నానానికి ఇంకొకరి ముందు బట్టలు విప్పాల్సి రావడం’ అని చెప్పొచ్చు. చాలామంది చెప్పేది అదే.

నన్నడిగితే మాత్రం మొదట భోజనం సంగతి చూడండి. ఆవిడ మీతో కూర్చుని తినకపోవడానికి కారణం ఆకలి లేకపోవడమో కోపమో కాకపోవచ్చు. కుడి చెయ్యి రాదు, ఎడమ చేత్తో తినడం ఆవిడ పుట్టి పెరిగిన ఇంట్లో తప్పు, నోటి పక్కనుంచి మెతుకు జారితే మనవలు చూస్తారు. గదిలో కోడలి చేత తినిపించుకోవడం వీటన్నిటికంటే నయమనిపించి ఉంటుంది. మందపాటి పిడి ఉన్న చెంచా తెచ్చుకోండి, దొరక్కపోతే మామూలు చెంచా పిడికి గుడ్డో స్పాంజో చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, ముడుచుకున్న వేళ్ళకి సన్న పిడి కంటే లావు పిడి బాగా చిక్కుతుంది. అంచు ఎత్తుగా ఉన్న కంచం, జారకుండా కింద తడిగుడ్డ. కుడి మోచెయ్యి టేబుల్ మీద ఆనాలి. మొదట్లో నాలుగు ముద్దలు కుడి చేత్తో, అలిసిపోగానే మిగతాది ఎడమ చేత్తో చెంచాతో, ఇందులో తప్పేమీ లేదని ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు ఒక్కసారి పైకి అంటే ఆవిడకి ధైర్యం వస్తుంది. ఎవరూ లేకపోతే ఒక పూట మీవారినే ఎడమ చేత్తో చెంచా పట్టుకుని పక్కన కూర్చోమనండి, నవ్వుకుంటూ తింటారు. తినేటప్పుడు పొలమారడం, దగ్గు రావడం ఉంటే మాత్రం ముందు డాక్టరుకి చెప్పాలి, మింగే కండరాలు చూపించాలి.

బట్టలు, స్నానం గురించి గబగబా చెప్పేస్తాను. వేసుకునేటప్పుడు కుడి చెయ్యి ముందు, విప్పేటప్పుడు కుడి చెయ్యి చివర, ఈ వరస ఒక్కటి అలవాటైతే సగం కుస్తీ తగ్గుతుంది. స్నానానికి వీపు ఆనించుకునే కుర్చీ, ఎడమ చేతికి అందేలా గోడకి రాడ్డు, కింద జారని మ్యాట్. రాడ్డు అంటే తువ్వాలు ఆరేసుకునేది కాదు, మనిషి బరువు ఆగేది గోడలోకి గట్టిగా బిగించాలి. కుర్చీలోంచి లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టి లాగడం, చంకలో చెయ్యి వేసి ఎత్తడం ఇవాళ్టినుంచే మానేయండి, కండరాలు వదులైన భుజం కీలు దానివల్ల దెబ్బతింటుంది, ఆ నొప్పి మొదలైతే ఆవిడ ఇక చెయ్యి ముట్టుకోనివ్వరు.

అన్నట్టు ఆవిడ రోజంతా నైటీలోనే ఉంటున్నారా? మీరు రాయలేదు గానీ ఏడు నెలలుగా అదే అయ్యుంటుంది. చీర లేకుండా ఎవరైనా వస్తే హాల్లోకి రావడానికి సిగ్గుపడే తరం ఆవిడది. మీ కుట్టుమిషన్ మూత తీయడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంది? జాకెట్టుకి హుక్కులు తీసేసి వెల్క్రో వేయండి, రెండు పాత చీరలకి కుచ్చిళ్ళు కుట్టేసి నడుముకి ఎలాస్టిక్ పెట్టండి, కూర్చునే కట్టుకోవచ్చు. కొలతలు, రంగులు ఆవిడనే అడగండి. అలా మొదలుపెట్టి మీ కుట్టుపని కూడా మళ్ళీ మొదలుపెట్టండి, రోజుకి ఒక గంటయినా. మీకు కాలక్షేపం కోసం చెప్తున్నానని అనుకోకండి. జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళు తమ సొంత పనులన్నీ వదిలేసుకుంటే కొన్నాళ్ళకి వాళ్ళే పేషెంట్లవుతారు, నడుం నొప్పులు, నిద్రలేమి, అకారణంగా ఏడుపు, ఇవన్నీ మా దగ్గరికి వచ్చే కోడళ్ళలో, కూతుళ్ళలో చూస్తూనే ఉంటాం. ఆ గంటసేపు మీవారు తల్లి దగ్గర కూర్చుంటారు, అది ఆయన వాటా.

వంటింట్లోకి వద్దాం. ఇప్పటికి కత్తిపీట వద్దు. బలహీనమైన చేతికి స్పర్శ సరిగా తెలియకపోవచ్చు, అప్పుడు తెగినా వెంటనే తెలియదు. ఇదే కారణానికి పొయ్యి, మరిగే నూనె, కుక్కర్ కూడా ఇప్పుడే వద్దు. కళ్ళు మూసుకోమని ఆవిడ వేళ్ళని తాకి, ఏ వేలో చెప్పమనండి, తప్పు చెప్తుంటే వేడికీ పదునుకీ దూరంగా ఉంచాలని అర్థం. మిగతా వంటిల్లంతా ఆవిడదే. ఆకుకూర ఏరడం, బఠాణీలు ఒలవడం, పప్పులో రాళ్ళు చూడటం, చపాతీ పిండి కలపడం (మంచి పని, రెండు చేతులూ కలిసి బరువు మోపాలి), పెరుగు తోడు పెట్టడం. బట్టల్లో మొదట చిన్న తువ్వాళ్ళు, తర్వాత దుప్పట్లు. టేబుల్ తుడిచేటప్పుడు గుడ్డ మీద కుడి చెయ్యి, దానిపైన ఎడమ చెయ్యి పెట్టి దూరంగా తోసి దగ్గరికి లాగితే భుజానికీ మోచేతికీ ఫిజియో చెప్పే ఎక్సర్‌సైజే అది, పేరు వేరు. పూలు కట్టడం కాస్త ఆగాక. దారం చివర కుర్చీ చేతికి కట్టి, మొదట మల్లెలు కాకుండా బంతిపూలలాంటి లావు కాడలవి ఇచ్చి చూడండి.

చిక్కుడుకాయలకి అరగంట పట్టిందన్నారు. మీకు ఆఫీసు బాక్సులు కట్టే టైములో అరగంట ఆగడం కష్టం, ఆగలేక చేతిలోది లాక్కుంటారు, ఎవరైనా అంతే. అందుకని రేపటి కూర ఇవాళ మధ్యాహ్నం ఆవిడ ముందు పెట్టండి. తొందర లేదు, గంట పట్టినా ఫర్వాలేదు. ఈనెలు మిగిలిపోయిన కాయల్ని మీరు వెనకనుంచి తీసుకెళ్ళి మళ్ళీ శుభ్రం చేయకండి, ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు, చూశాక ఇక కూర్చోరు. నాలుగు రోజులు నారలు వచ్చే కూర తినండి. బాగాలేదని మీ పిల్లలు అంటే నానమ్మకే చెప్పమనండి, ఆవిడే జాగ్రత్తగా తీస్తారు.

రోజు మొత్తం గురించి ఒకటి చెప్పాలి. అడాల్ఫ్ మేయర్ అనే మానసిక వైద్యుడు 1922లోనే రాశాడు, మనిషి ఒంటికి పని, ఆట, విశ్రాంతి, నిద్ర ఒకదాని తర్వాత ఒకటి రావాలని. ఆవిడ రోజులో ఇప్పుడు విశ్రాంతి ఒక్కటే ఉంది, అందుకే రాత్రి నిద్ర పట్టడం లేదు. పొద్దున కాఫీ తర్వాత, స్నానం అలసట తీరాక, ఆవిడకి ఓపిక బాగా ఉన్న టైములో కష్టమైన పని పెట్టుకోండి, మొదట్లో పావుగంట చాలు. మధ్యాహ్నం పడక అరగంట దాటనివ్వకండి. సాయంత్రం కారిడార్‌లోకో కిందికో దిగి నాలుగు మాటలు. సీరియల్ చూడనివ్వండి, అందులో తప్పు లేదు, ఒకటో రెండో. స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట మామూలు బద్ధకం కాదు, కళ్ళు మూతలు పడుతున్నాయంటే నిజంగానే మెదడు అలిసింది, అప్పుడు బలవంతం వద్దు.

ఇంత చేసినా, తనకి ఇష్టమైన పని కూడా వద్దంటూ, తిండి తగ్గి, ‘నేను మీకు బరువైపోయాను’ అని మాటిమాటికీ అంటుంటే దాన్ని మొండితనం కింద కొట్టేయకండి. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది, మందులతో తగ్గుతుంది, న్యూరో డాక్టరుకి చెప్తే చాలు. అలాగే మూతి వంకరపోవడం, చెయ్యి హఠాత్తుగా ఇంకా బలహీనపడటం, మాట తడబడటం మళ్ళీ ఎప్పుడు కనిపించినా 108కి ఫోన్ చేయండి, తెల్లారనివ్వకండి.

అదే డాక్టరుని రీహాబ్‌కి చీటీ రాసిమ్మని అడిగి, బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ) చదివిన థెరపిస్టుకి ఒకసారి చూపించండి, వీలైతే ఇంటికి పిలిపించండి, ఎందుకంటే మీ బాత్రూం గడప ఎంత ఎత్తుందో క్లినిక్‌లో కూర్చుంటే మాకు తెలియదు. ఆ రోజు వదినగారిని కూడా రమ్మనండి. మీరు చెప్తే కోడలి మాట అవుతుంది, థెరపిస్టు చెప్తే వైద్యం అవుతుంది, ఇది న్యాయం కాదు గానీ మన ఇళ్ళల్లో ఇంతే. అంతకంటే మంచిది అత్తయ్యగారే నోరు తెరిచి ‘నాకు తోచక నేనే చేస్తున్నానే’ అనడం, మాట నెమ్మదిగా వచ్చినా మధ్యలో ఎవరూ అందుకోకుండా పూర్తి చేయనివ్వండి.

సంక్రాంతికి తీసుకెళ్ళండి. బీపీ అదుపులో ఉండి, డాక్టరు సరేనంటే ఆలోచించేదేమీ లేదు. ఆవిడకి అక్కడ ఉన్నన్ని పనులు నిజాంపేట ఫ్లాటులో ఎప్పటికీ దొరకవు. కారులో అయితే రెండు గంటలకోసారి ఆపి దించి నడిపించండి. ఇంటి గడపలు ఎత్తుగా ఉంటాయి కదా, ఎక్కేటప్పుడు బాగున్న ఎడమకాలు ముందు, దిగేటప్పుడు కుడికాలు ముందు, ఇది ఇప్పటినుంచే ఇక్కడ మెట్ల దగ్గర అలవాటు చేయించండి. నులక మంచం మీద పడుకోబెట్టకండి, కుంగిపోయిన మంచంలోంచి లేవడం ఆవిడ వల్ల కాదు, ఎత్తయిన చెక్క మంచం వేయండి. పాత మరుగుదొడ్డే ఉంటే కమోడ్ కుర్చీ వెంట తీసుకెళ్ళాలి, రాత్రిపూట దారిలో లైటు వెలగాలి. వాకిట్లో వంగి ముగ్గు పెట్టడం వద్దు, కళ్ళాపి జల్లిన తడినేల మీద కర్రతో నడవడం అసలే వద్దు, కుర్చీ వేసి కూర్చోబెడితే చుక్కలు ఎన్నో, ఎక్కడ తప్పుతున్నారో ఆవిడే అరిచి చెప్తారు. ‘అయ్యో ఎలా ఉండేదానివి ఎలా అయిపోయావు’ అంటూ వచ్చే చుట్టాలని మాత్రం మీవారు గుమ్మం దగ్గరే కాస్త సర్దిచెప్పాలి. అరిసెలు వండేటప్పుడు పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఆవిడ కుర్చీ వేయండి, నీళ్ళ పళ్ళెంలో వేసిన పాకం ఉండ ఆవిడ చేతికే ఇవ్వండి, చల్లారాక, ఎడమ చేతికి. దించాలో ఇంకాసేపు ఉంచాలో ఆవిడ చెప్పాకే దించండి.